డోలు మిగిలినది, కథ యెక్కడ?

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో నేడు సభ జరిగినను, ఊరేగింపు సాగినను ముందు వినబడునది ఒగ్గుడోలు. నడుమునకు డోళ్లు కట్టుకొన్న యువకులు వలయముగా తిరుగుదురు, ఎగిరి దూకుదురు, ఒకరి భుజములపై నొకరెక్కి గోపురమువలె నిలుతురు. పది నిమిషములలో అంతయు ముగియును. చప్పట్లు మ్రోగును. ఆ డోలు ఏ కథకు తోడుగా పుట్టినదో అడుగువారు మాత్రము అరుదు.

ఒగ్గు అనగా శివుని చేతి డమరుకము. దానిని పట్టి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పువారు ఒగ్గువారు. కురుమ, గొల్ల కులములకు వీరు పూజారులు కూడ. రంగుపొడులతో పట్నము వేసి, మల్లన్నకు పెండ్లి జరిపి, రాత్రి పొడుగున కథ నడుపుదురు. ప్రధాన కథకుడు ఒక క్షణమున మల్లన్న, మరుక్షణమున గొల్ల కేతమ్మ. వంత పాడువాడు ఎదురుప్రశ్న వేయును, నవ్వించును, నిద్రకు తూగువారిని లేపును. పాట, మాట, సామెత, ఎత్తిపొడుపు సమస్తమును ఆ నేల నుడికారమే. కోపము వచ్చినచోట డోలు ఉరుమును. ఏడుపు వచ్చినచోట వెనుకకు తగ్గును. వేములవాడ ప్రాంతపు హనుమాజీపేటవాడైన మిద్దె రాములు ఈ విద్యలో పేరెన్నికగన్నవాడు. సి. నారాయణరెడ్డి పుట్టినదియు ఆ గ్రామమందే. ఒకరు వ్రాసినారు, ఒకరు గజ్జె కట్టి చెప్పినారు. ఇరువురకును మూలధనము ఒకే ఊరి తెలుగు.

అయితే, మార్పు వచ్చినదని మాత్రమే నిందింపబూనుట న్యాయము కాదు. మారని సంగీతము ఎచ్చటను లేదు. ఇందులకు దూరదేశపు ఉదాహరణ మొకటి పనికివచ్చును; మన విద్యార్థులలో కొందరు చెవులకు తగిలించుకొని వినుచున్నది అట్టి సంగీతమే కదా! నార్వేలో ఓస్లో చెంతనున్న కోల్బోటన్ అను చోట డార్క్‌త్రోన్ అను బృందము కలదు. 1992, 1993, 1994 సంవత్సరములలో వెలువరించిన మూడు ఆల్బములతో వారు బ్లాక్ మెటల్ అను శాఖకు స్తంభములైనారు. అరుపువంటి గాత్రము, తెరపిలేని డ్రమ్ముల హోరు, కావలెనని మెరుగు దిద్దక వదలిన రికార్డింగు దాని లక్షణములు. అట్టివారు 2006లో ‘ది కల్ట్ ఈజ్ అలైవ్’ అను ఆల్బముతో పంక్ వైపు మొగ్గినారు. పంక్ 1970 దశకపు నడుమ న్యూయార్కు, లండను నగరములలో రేగిన సంగీతము. నాలుగు మెట్లు తెలిసినవాడెవడైనను గిటారు పట్టవచ్చునన్న ధీమా దానిది. ఈ మలుపు పాత అభిమానులలో కొందరికి రుచింపలేదు. కాని ఆలోచించినచో అది పుట్టింటికి పోవుటయే. బ్లాక్ మెటల్ అను పేరే 1982లో వచ్చిన వెనమ్ అను ఇంగ్లండు బృందపు ఆల్బమునుండి పుట్టినది; ఆ బృందపు మొరటుదనములో పంక్ పాలు అప్పటికే ఉన్నది.

ఇందులో గమనింపవలసిన విశేషము మరొకటి. డార్క్‌త్రోన్ వారు కొన్ని దశాబ్దములుగా వేదిక ఎక్కుటయే మానినారు. కాబట్టి సభానిర్వాహకుని గడియారము వారిని శాసింపలేదు. ఆ మార్పు వారు కోరి తెచ్చుకొన్నది.

ఒగ్గువారి మార్పు అట్టిది కాదు. డోలు ఒగ్గుకథలో మొదటినుండియు ఉన్నదే; దానిని ముందుకు తెచ్చుటలో అపచారమేమియు లేదు. ఆ డోలువలన ఎందరో యువకులకు నాలుగు రూకలు చేతికి వచ్చుచున్నవి. కులవిద్య యని సిగ్గుపడుట తగ్గినది. ఇది చిన్న లాభము కాదు. కాని కథను విడువుమని వారికి చెప్పినది వారి కళ కాదు, మంత్రిగారి రాకకును ఉపన్యాసమునకును నడుమ మిగిలిన పది నిమిషములు. ఆదిలాబాదు గోండుల గుస్సాడి గతియు ఇంచుమించు ఇంతే. దీపావళి వేళ ఒక గూడెమువారు మరియొక గూడెమునకు అతిథులుగా పోయి ఆడు దండారి, నెమలి యీకల కిరీటములతో వేదికమీద ఒక ప్రదర్శనగా కుదించుకొనిపోవుచున్నది. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినది. ఆయన 2024లో గతించినాడు. బిరుదు వచ్చినదని సంతసించిన పాఠశాలలలో దండారి యననేమో పిల్లలకు చెప్పినవి ఎన్ని?

డోలుకు భాష లేదు. కథ పోయిననాడు దానితోపాటు పోవునది తెలుగు: మందలు కాయువారి మాటలు, తిట్లు, దీవెనలు, నిఘంటువులకెక్కని వందల పలుకులు. వీనిని కాపాడుటకు విశ్వవిద్యాలయము రానక్కరలేదు. పాఠశాల వార్షికోత్సవమునకు డోలు బృందమును పిలుచు ఉపాధ్యాయుడు, ‘ఎంతమంది వత్తురు?’ అని అడుగుటకు ముందు ‘మీలో కథ వచ్చినవారు ఎవరు?’ అని అడుగవచ్చును. అట్టి పెద్దవాడొకడు ఆ ఊరిలోనే ఏ అరుగుమీదనో కూర్చుండి యుండును. ఆయనకు అరగంట యిచ్చి, మల్లన్న కేతమ్మను చేపట్టిన ఘట్టము చెప్పించి, తొమ్మిదవ తరగతి పిల్లలచేత ఆయన పలికినది పలికినట్లే వ్రాయించినచో, ఉపన్యాసములలో ఒకటి తగ్గును. దానికి చింతించువారు ఉండరు.