సైకిలు సరే, పానా ఎవరి చేతిలో ఉంది?

స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు మరేదీ చేయలేదని అమెరికన్ ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు సూసన్ బి. ఆంథొనీ 1896లో అన్నారు. ఆ మాటకు మన పక్క రాష్ట్రంలోనే రుజువు దొరికింది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా అక్షరాస్యతా ఉద్యమం పలక పక్కన సైకిలును కూడా పెట్టింది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ పట్టుదల వల్ల, ‘అరివొళి ఇయక్కం’ కార్యకర్తల శ్రమ వల్ల లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు తొక్కడం నేర్చుకున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చే పథకం ప్రారంభించింది. దానివల్ల హైస్కూలు చదువులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. మన రాష్ట్రంలో కూడా 2017లో ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు.

ఇవన్నీ మనం సంతోషించవలసిన విషయాలే. అయితే ఆడపిల్ల సైకిలు ఎక్కడంతోనే ఈ కథలన్నీ ముగిసిపోతాయి. సైకిలు అన్నాక చెడిపోతుంది. పంచరవుతుంది, చైను సాగుతుంది, బ్రేకు రబ్బరు అరుగుతుంది, రిమ్ము బెండు పోతుంది. అప్పుడు ఆ అమ్మాయి ఏం చేయాలి? నాయననో అన్ననో అడగాలి, లేకపోతే సైకిలును తోసుకుంటూ షాపుకు పోయి, డబ్బులిచ్చి, చెప్పినంతసేపు నిలబడాలి. తొక్కే హక్కు గురించి మాట్లాడిన మనం విప్పి బిగించే హక్కు గురించి మాట్లాడలేదు. రెండోది లేకుండా మొదటిది ఎంతో కాలం నిలవదని నా అభిప్రాయం.

ఈ మాట పుస్తకాలు చదివి మాత్రమే అనడం లేదు. నేను మౌంటెన్ బైకు తొక్కుతాను. మా వీధి పిల్లలు దాన్ని ‘గేర్ల సైకిలు’ అంటారు. సెలవు రోజుల్లో తెల్లవారుజామున తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా కల్యాణి డ్యాం వైపు పోతాను. ఒక్కోసారి చిత్తూరు వైపు మామిడి తోటల మధ్య మట్టిదారుల్లో, చెరువు కట్టల మీద తిరుగుతాను. శేషాచలం అడవి 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం, అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. అయినా అడవి అంచున రాళ్ళ బాటలకు కొదవ లేదు. నా సైకిలును షాపులో తయారుగా ఉన్నది కొనలేదు. పాత ఇనుప ఫ్రేము ఒకటి సంపాదించి, చక్రాలు, బ్రేకులు, గేర్లు ఒక్కొక్కటే తెచ్చుకుని, ఇంటి వసారాలో నేనే బిగించుకున్నాను. ఇప్పటికీ ఏదో ఒక భాగం మారుస్తూనే ఉంటాను.

అసలు మౌంటెన్ బైకు పుట్టిందే ఇలా. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు యువకులు 1930, 40ల నాటి బరువైన పాత సైకిళ్ళు తెచ్చి, విప్పి, మోటారు సైకిళ్ళ బ్రేకు లివర్లూ గేర్లూ తగిలించి మౌంట్ తమల్‌పైస్ కొండ దిగేవారు. 1976లో మొదలైన వాళ్ళ పోటీకి ‘రీపాక్’ అని పేరు. ఒక్కసారి కొండ దిగేసరికి వెనక చక్రంలోని బ్రేకు వేడెక్కి గ్రీజు అంతా కాలిపోయేది, మళ్ళీ విప్పి గ్రీజు నింపవలసి వచ్చేది. అందుకని ఆ పేరు. 1977లో జో బ్రీజ్ కొండదారుల కోసమే ఒక ఫ్రేము తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఇలాంటి సైకిళ్ళు అమ్మే కంపెనీ పెట్టారు. పెద్ద కంపెనీలు వచ్చింది ఆ తరువాతే.

ఆ బృందంలో స్త్రీలు లేకపోలేదు. వెండీ క్రాగ్ వాళ్ళతో సమానంగా ఆ కొండదారుల్లో తొక్కింది, ఆ కాలపు ఫొటోల్లో చాలా భాగం ఆమె తీసినవే. జాకీ ఫీలన్ 1983 నుంచి 1985 దాకా వరసగా మూడేళ్ళు అమెరికా జాతీయ విజేతగా నిలిచింది, స్త్రీల కోసం ప్రత్యేకంగా మౌంటెన్ బైకు సంఘం కూడా స్థాపించింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడను మొదటిసారి చేర్చినప్పుడు పురుషులకూ స్త్రీలకూ పోటీలు పెట్టారు. అయినా ఈ సైకిలును కనిపెట్టిన వాళ్ళెవరని అడిగితే వచ్చే పేర్లన్నీ మగవాళ్ళవే.

దీనికి కారణం తెలివితేటల్లో లేదు. ఒక యంత్రాన్ని విప్పి చూడాలంటే నాలుగు కావాలి: కాస్త చోటు, కాస్త తీరిక, నాలుగు పనిముట్లు, పాడుచేసినా పరవాలేదనే అనుమతి. ఇంట్లో పాత రేడియో విప్పి మూలపడేసిన అబ్బాయిని ‘వీడు ఇంజనీరవుతాడు’ అని మురిసిపోతాం. అదే పని అమ్మాయి చేస్తే ‘ఉన్నదాన్ని చెడగొట్టావు’ అంటాం. మన ఇళ్ళలో ఎంతమంది ఆడపిల్లలకు ఆదివారం పూట రెండు గంటల తీరిక ఉంటుంది? అంట్లు, నీళ్ళు, తమ్ముళ్ళ పని అయిన తరువాత కదా!

సింథియా కాక్‌బర్న్ 1983లో ‘బ్రదర్స్’ అనే పుస్తకంలో లండన్ పత్రికల అచ్చు కార్మికుల గురించి రాసింది. బరువులెత్తడం, యంత్రం నడపడం మగవాళ్ళకే సాధ్యమనే నమ్మకం ప్రకృతి నుంచి రాలేదని, పనిముట్లనూ పని పద్ధతినీ మగవాళ్ళ శరీరానికి తగినట్టు ఏర్పాటు చేసుకోవడం వల్ల వచ్చిందని ఆమె వాదన. సైకిలు పని నేర్చుకుంటున్నప్పుడు ఈ వాదన నాకు ప్రతి అడుగులోనూ కనబడింది.

ఒక ఉదాహరణ చెబుతాను. సైకిలు ఎడమ పెడలుకు మర ఎదురు తిరుగుతుంది. అంటే మిగతా బోల్టులు విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. ఈ సంగతి తెలియని అమ్మాయి బలమంతా పెట్టి తిప్పుతుంది, రాదు. పక్కనున్న అబ్బాయి వచ్చి రెండో వైపు తిప్పితే వచ్చేస్తుంది. ‘ఆడవాళ్ళకు బలం చాలదు’ అని అందరూ నిర్ధారిస్తారు, ఆ అమ్మాయితో సహా. అక్కడ లేనిది బలం కాదు, చిన్న సమాచారం. నిజంగా బలం కావలసిన చోట కూడా పానా పిడి పొడుగ్గా ఉంటే సగం బలం చాలు.

మరో ఉదాహరణ. చిన్న చేతులున్న వాళ్ళకు బ్రేకు లివరు అందదు. చాలామంది ఆడపిల్లలు అందుకే కొండ దిగడానికి భయపడతారు. వాళ్ళు పిరికివాళ్ళని మనం అనుకుంటాం. గేర్ల సైకిళ్ళలో చాలావాటి బ్రేకు లివరుకు ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లివరు వేళ్ళకు దగ్గరగా వస్తుంది. రెండు నిమిషాల పని. ఆ స్క్రూ ఉందని సైకిలు అమ్మేవాళ్ళు ఒక్కసారైనా నాతో అనలేదు. స్త్రీల సైకిలు అనగానే వాళ్ళు చూపించేది గులాబీ రంగు, ముందు బుట్ట. పొట్టి వాళ్ళకు తగిన చిన్న ఫ్రేము అడిగితే పిల్లల సైకిలు చూపిస్తారు.

చైను సంగతీ అంతే. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి తరువాతి పిన్ను మధ్యకు సరిగ్గా అర అంగుళం. అందుకని కొత్త చైనులో 24 లంకెలు కొలిస్తే 12 అంగుళాలు వస్తుంది. పిల్లల పెట్టెలో ఉండే అడుగు స్కేలు చాలు. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చాలి. అశ్రద్ధ చేసి ఎనిమిదో వంతు దాకా పోనిస్తే వెనక పళ్ళ చక్రం కూడా అరిగిపోతుంది, రెండూ కొనాలి. ఈ లెక్క తెలిసిన మనిషిని ఎవరూ మోసం చేయలేరు. ఒక షాపులో నా గేర్లు దూకుతున్నాయని చెబితే సెట్టు మొత్తం మార్చాలన్నారు. ‘మీకెందుకు మేడమ్ ఈ మసి పని, సార్‌ని పంపించండి, మాట్లాడుకుంటాం’ అని కూడా అన్నారు. ఇంటికొచ్చి గేరు తీగ బిగింపు చేత్తో అర చుట్టు సర్దితే సరిపోయింది.

ఆ మాటలోని ‘మసి’ గురించి కూడా ఆలోచించాలి. మన సమాజంలో చేతులకు మసి అంటడం ఆడతనానికే కాదు, కులానికి కూడా సంబంధించిన విషయం. సైకిళ్ళు బాగుచేసే వాళ్ళలో నేను చూసినంతవరకు ఎక్కువమంది చేతివృత్తుల కులాల వాళ్ళు, పేద ముస్లింలు. చక్రాన్ని చెవి దగ్గర పెట్టి తిప్పి, ఏ గుండు అరిగిందో చెప్పగలిగిన వాళ్ళున్నారు. మనం దాన్ని విద్య అనం, ‘పని’ అంటాం. మా వీధిలో కొందరు ఆడపిల్లలకు పంచరు వేయడం నేర్పించినప్పుడు ఒకమ్మాయి నాతో, ‘మా నాయనకు చెప్పొద్దు మేడమ్, బడికి పంపించింది పంచర్లు ఏసేదానికా అంటాడు’ అంది. ఆ తండ్రి భయం అర్థం చేసుకోదగినదే. ఏ పని నుంచి తన బిడ్డ బయటపడాలని కోరుకున్నాడో, చదువుకున్న ఒకావిడ మళ్ళీ ఆ పనే నేర్పుతున్నది! చేతిపనికి గౌరవం లేనంత కాలం మన మాట ఆయన చెవికెక్కదు. కాబట్టి శ్రమ విభజన గురించి మాట్లాడేటప్పుడు పితృస్వామ్యాన్నీ కులాన్నీ విడివిడిగా చూడటం కుదరదు.

ఆడపిల్లలకు యంత్రాలు చేతకావనే మాట మన జిల్లాలోనే అబద్ధమని తేలిపోయింది. శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్లు తయారవుతున్నాయి. ఆ పనిలో ఎక్కువ మంది చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలే. కంటికి ఆనని స్క్రూలు గంటల తరబడి బిగించడానికి వాళ్ళ చేతులు పనికొస్తాయి. అదే చేతులు తమ సైకిలు చైను బిగించడానికి పనికిరావా? యజమాని కోసం పట్టుకున్నప్పుడు పనిముట్టు ఆడవాళ్ళ చేతికి అందంగా అమరుతుంది, తన కోసం పట్టుకున్నప్పుడే అసహజమవుతుంది!

‘ఇది డబ్బున్న వాళ్ళ సరదా, దీనికీ పల్లె ఆడపిల్లల హక్కులకూ ఏం సంబంధం?’ అని కొందరు మిత్రులు అడుగుతారు. సరదా అన్నమాట నిజమే, స్త్రీలకు సరదా ఉండకూడదని ఎక్కడా లేదు. కానీ నా సైకిలు చైనులో ఉన్న అర అంగుళమే బడికి పోయే అమ్మాయి సైకిలు చైనులోనూ ఉంటుంది. ఆ పంచరు, ఆ పల్లేరు ముల్లు ఒకటే. మగవాళ్ళలోనూ చాలామంది షాపుకే ఇస్తారు కదా అని ఇంకొందరంటారు. ఇవ్వొచ్చు. తెలిసి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు. పైగా బడి నుంచి ఇంటికి నాలుగు మైళ్ళ దూరంలో, పొద్దుగుంకే వేళ ముల్లు గుచ్చుకుంటే మగపిల్లవాడికి అది చికాకు, ఆడపిల్లకు ప్రమాదం. ఆ రాత్రి ఇంట్లో జరిగే పంచాయతీలో ‘రేపటి నుంచి సైకిలు వద్దు’ అనే తీర్పు కూడా రావచ్చు. దాంతోపాటే చదువూ ఆగిపోవచ్చు. రెండు టైరు లివర్లు, ఉప్పు కాగితం, సొల్యూషన్, అతుకు ముక్కలు, చిన్న పంపు ఆ తీర్పును ఆపగలవు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 2005లో ఏర్పడిన ‘వరల్డ్ బైసికిల్ రిలీఫ్’ అనే సంస్థ ఆఫ్రికా దేశాల్లో సైకిళ్ళతో పాటు స్థానికులకు మరమ్మతు శిక్షణ, పనిముట్లు కూడా ఇస్తుంది. మనం కూడా అడగవలసినవి ఇవి. ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిలు ఇచ్చినప్పుడల్లా పంచరు సామాను, పంపు, ఒక పానా కలిపి ఇవ్వాలి. బడిలో రెండు పూటలు మరమ్మతు పాఠం పెట్టాలి, ఆ పాఠం చెప్పడానికి ఊరి సైకిలు షాపు మనిషినే గురువుగా పిలిచి గౌరవ వేతనం ఇవ్వాలి. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, కాలేజీ హాస్టళ్ళలో ఒక పనిముట్ల పెట్టె ఉండాలి, దాని తాళం చెవి ఆడపిల్లల దగ్గరే ఉండాలి. డ్వాక్రా సంఘాలు సైకిలు షాపు పెడతామంటే అప్పు ఇవ్వడానికి వెనకాడకూడదు. ఎన్ని సైకిళ్ళు పంచామని కాక, మూడో ఏట ఎన్ని తిరుగుతున్నాయని ప్రభుత్వం ఏటా లెక్క చెప్పాలి.

ప్రభుత్వం చేసేదాకా మన సంఘాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మార్చి 8న ఊరేగింపులూ ఉపన్యాసాలూ అయిన తరువాత సాయంత్రం ఒక పాత సైకిలు మధ్యలో పెట్టుకుని, దాన్ని పూర్తిగా విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగిద్దాం. పది మంది స్త్రీలకు మూడు గంటలు చాలు. ఎడమ పెడలు ఏ వైపు తిరుగుతుందో మాత్రం ముందే అందరికీ చెబుదాం.