చేను తాకట్టు పెట్టకముందు

పుట్టపర్తి దగ్గర వేరుశనగ రైతు ఒకరు మా వద్దకు వచ్చారు. “అయ్యగారూ, పాప యానిమేషన్ చదువుతానంటాంది. చేను తాకట్టు పెట్టి బెంగుళూరు పంపమంటారా?”

ప్రియ తల్లిదండ్రులారా, గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు కదా! ప్రైవేటు కాలేజీలో అడగండి: డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది? నాలుగేళ్ల ఫీజు, హాస్టలు, కంప్యూటరు కలిపి ఎంత? చదివి వెళ్లిన పిల్లలు ఏ పనిలో ఉన్నారు?

అంతకుముందే ప్రభుత్వ సంస్థల ప్రవేశ పరీక్షలు వ్రాయించండి. కడపలో 2020లో ఏర్పడిన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, గుంటూరు జిల్లాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉన్నాయి.

పరీక్షకు చేతి గీత కావాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు పాపను తీసుకువెళ్లమన్నాము. అక్కడి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. గీత నేర్వడానికి చేను తాకట్టు పెట్టనక్కరలేదు.