మన్యంలో మలేరియా: రోగి చెంతనే నిర్ధారణ, అదే రోజు మందు

తూర్పు కనుమల ఏజెన్సీ గ్రామాలలో వర్షాకాలంతో పాటే జ్వరాల కాలమూ మొదలవుతుంది. పాడేరు, చింతపల్లి వంటి మండలాలలో రహదారి లేని కొండ శిఖర గ్రామాల నుండి రోగిని డోలీలో మోసుకురావలసిన పరిస్థితి నేటికీ కొన్నిచోట్ల ఉన్నది. ఇట్టి ప్రాంతాలలో ఏ మందు ఇవ్వాలన్నది ఎంత ముఖ్యమో, పరీక్ష ఎక్కడ జరగాలన్నదీ అంతే ముఖ్యము.

పూర్వం ఆరోగ్య కార్యకర్త రక్తపూత సేకరించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపేవారు. సూక్ష్మదర్శినితో పరీక్ష జరిగి ఫలితం గ్రామానికి చేరే సరికి, వాగులు పొంగిన రోజులలో, విలువైన సమయం గడిచిపోయేది. ఫాల్సిపేరం మలేరియా చికిత్స లేనిచో 24 గంటలలోనే ప్రాణాంతకం కాగలదు. ఫలితం రాకముందే అంచనాపై క్లోరోక్విన్ ఇచ్చే పద్ధతి చిరకాలం సాగినది. ఫాల్సిపేరం ఆ మందును తట్టుకోవడంతో అదీ అక్కరకు రాకుండా పోయినది. అనుమానిత రోగులందరికీ పరీక్ష జరిపిన పిదపనే మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించినది.

ర్యాపిడ్ కిట్‌తో ఆశా కార్యకర్త రోగి మంచం వద్దనే, వేలి కొన నుండి తీసిన చుక్క రక్తంతో, 15 నుండి 20 నిమిషాలలో ఫలితం తెలుసుకోగలరు. జాతీయ కార్యక్రమంలో 2013లో ప్రవేశపెట్టిన కిట్లు ఫాల్సిపేరం, వైవాక్స్ రెండింటినీ గుర్తిస్తాయి. ఈ తేడా తెలియడమే అసలు ప్రయోజనం. మొదటిదానికి ఆర్టిమిసినిన్ మిశ్రమ చికిత్స అవసరం. రెండవదానికి క్లోరోక్విన్‌తో పాటు, కాలేయంలో దాగిన క్రిములను నిర్మూలించుటకు 14 రోజుల ప్రైమాక్విన్ అవసరం. గర్భిణులకు, శిశువులకు ప్రైమాక్విన్ ఇవ్వరాదు.

అయితే కిట్ సూక్ష్మదర్శినికి ప్రత్యామ్నాయం కాదు. ఫాల్సిపేరం నయమైన తరువాత కూడా కొన్ని వారాల పాటు కిట్ పాజిటివ్ చూపవచ్చును. కనుక మందు పనిచేసినదీ లేనిదీ రక్తపూతతోనే తేల్చాలి. అధిక వేడిలో నిల్వ ఉంచిన కిట్లను నమ్మరాదు. నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గని రోగిని ఆస్పత్రికి పంపడం తప్పనిసరి. క్షేత్రస్థాయిలో ఎక్కువగా విస్మరణకు గురయ్యే అంశం బహుశా ఇదే.

కిట్ ఉండి మందు లేని సంచితో రోగికి ఒరిగేదేమీ లేదు. కనుక వర్షాలకు ముందే రెండింటి నిల్వలను కలిపి లెక్కించవలసి ఉన్నది. పత్రికల వారికీ ఒక మనవి: పరీక్షలు పెరిగితే నమోదయ్యే కేసులూ పెరుగుతాయి. కేసుల సంఖ్యతో పాటు జరిపిన పరీక్షల సంఖ్యను కూడా ప్రచురించిననాడే వ్యాధి పెరిగినదా, తగ్గినదా అన్నది పాఠకునికి తెలుస్తుంది.