బస్సు దిగుతుంటే సైకిల్ గుద్దితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది?

మెహదీపట్నంలోనో అఫ్జల్‌గంజ్‌లోనో సాయంత్రం పూట పది నిమిషాలు నిలబడి చూడండి. స్టాప్ ముందు ఆటోలు, తోపుడు బళ్లు ఉంటాయి కాబట్టి బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది. బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య నాలుగైదు అడుగుల సందు మిగులుతుంది. దిగేవాళ్లు ఆ సందులోనే అడుగు పెట్టాలి. సైకిళ్లు, బైకులు దూరి వచ్చేదీ ఆ సందులోంచే.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం. మంచి పథకాలే. దవాఖానాకైనా, పుట్టింటికైనా ఆటో డబ్బుల కోసం మగవాళ్లని అడగాల్సిన పని తప్పింది. అయితే బస్సులు నిండిపోయాయి గానీ స్టాపులు మాత్రం పాతవే. ఒక చేతిలో సంచి, చంకలో బిడ్డ ఉన్న మనిషి మెట్టు దిగేటప్పుడు కింద చూసుకుంటుంది, పక్కకి చూడదు. నిఖాబ్ ఉంటే పక్క చూపు ఇంకా తక్కువ. అది ఆమె తప్పు కానే కాదు. దిగే మెట్టు పక్కన బండి రాకూడదు, అంతే.

పైగా ఇప్పటి సైకిల్ అప్పటి సైకిల్ కాదు. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బ్యాటరీ సైకిల్‌ని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. దానికి లైసెన్స్, నంబర్ ప్లేటు, బీమా ఏవీ అక్కర్లేదు. డెలివరీ కుర్రాళ్లు దాన్నే నడుపుతున్నారు. 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. 12 మీటర్ల బస్సు వెనక నుంచి ముందు తలుపు దాకా రావడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. అరవై దాటిన ఖాలాకి ఆ దెబ్బ తగిలి తుంటి ఎముక విరిగితే ఆపరేషనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే గాయాల కోడ్‌ల పట్టికలో, బస్సు ఎక్కుతూ దిగుతూ సైకిల్ తగిలి గాయపడినవాళ్లకు వి71.4 అని విడిగా ఒక కోడే ఉంది. లారీ, డీసీఎం లాంటి పెద్ద బండ్ల దగ్గరైతే వి61.4. బేగంబజార్‌లో సరుకు దించే హమాలీలు ఈ రెండో కోడ్ కిందకి వస్తారు. కేంద్ర రవాణా శాఖ నివేదిక 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు అని చెప్పింది. చనిపోయినవాళ్లని పాదచారి, సైకిల్, బైకు, బస్సు అని విడదీసింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద ఉన్న మనిషికి అందులో వేరే గడి లేదు.

లెక్క తప్పేది ముందుగా ఆసుపత్రి కౌంటర్ దగ్గరే. ఎలా తగిలిందని అడిగితే, పోలీసుల గొడవ ఎందుకని ఇంటివాళ్లు "బస్సు దిగుతూ పడిపోయింది" అనేస్తారు. కాగితం మీద అదే ఎక్కుతుంది. తర్వాత ఏ క్లెయిమ్‌కి వెళ్లినా ఆ ఒక్క మాటే అడ్డం పడుతుంది.

లేదంటే స్టేషన్‌కి సైకిల్ అబ్బాయిని పిలిపిస్తారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281 నిర్లక్ష్యంగా సైకిల్ తొక్కినవాళ్లకీ వర్తిస్తుంది. కాసేపు వాదన జరుగుతుంది, కొన్ని వేలకి రాజీ. ఆపరేషన్‌కి అవి ఏ మూలకీ రావు. చాలాసార్లు ఆ అబ్బాయీ, ఈ ఖాలా ఒకే బస్తీవాళ్లు. ఇద్దరిలో ఎవరి దగ్గరా డబ్బు లేదు. కట్టగలిగే స్తోమత ఉన్న బస్సు మాత్రం అప్పటికే రెండు స్టాపులు దాటిపోయి ఉంటుంది.

అసలు బస్సుని ఈ లెక్కలోంచి ఎందుకు తీసేస్తున్నాం? మోటారు వాహనం "వాడకం వల్ల" జరిగిన ప్రమాదం అన్న మాటకి విశాలమైన అర్థం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1991లోనే, శివాజీ దయాను పాటిల్ కేసులో చెప్పింది. బండి కదలకుండా ఉన్నా వాడకంలో ఉన్నట్టే లెక్క. డ్రైవర్ స్టాప్ వదిలి నడిరోడ్డులో దించాడని, లేదా బస్సు పూర్తిగా ఆగకముందే తలుపు తీశాడని చూపించగలిగితే సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. తప్పు ఎవరిదని నిరూపించాల్సిన పని లేకుండా సెక్షన్ 164 కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి 5 లక్షలు అడగొచ్చు. గెలుపు ఖాయమని కాదు, బస్సుకి సంబంధం లేదని అవతలి లాయర్ గట్టిగానే వాదిస్తాడు. కానీ అడగకపోతే ఆ వాదన కూడా అక్కర్లేదు వాళ్లకి. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం (7 రోజులకి లక్షన్నర దాకా) కూడా మోటారు వాహన ప్రమాదాలకే. కాబట్టి బస్సు నంబర్ మొదటి రోజే రికార్డులోకి ఎక్కాలి.

ఉచిత ప్రయాణమే కదా అని జీరో టికెట్‌ని దిగకముందే నలిపి పారేస్తారు. ఆ బస్సులో మీరు ఉన్నారనడానికి సాక్ష్యం అదే, దాచుకోండి. ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించండి. క్లెయిమ్‌ మీ ఇల్లు ఉన్న ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆరు నెలల గడువు ఉంది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది గానీ, తీర్పు వచ్చేదాకా ఆగడం తెలివైన పని కాదు.

ఇక స్టాప్ సంగతి. ఆర్టీసీని అడిగితే ఆక్రమణల వల్ల బస్సు లోపలికి పోదంటుంది. అది అబద్ధమేం కాదు. బస్సు ఆగాల్సిన చోట నిలబడ్డ ఆ తోపుడు బళ్లలో, ఆటోల్లో మనవాళ్లవీ ఉన్నాయి. వాళ్లకి పక్కన ఇంకో చోటు చూపించకుండా ట్రాఫిక్ పోలీసులు వారానికోసారి తరిమేస్తే, మర్నాటి సాయంత్రానికి మళ్లీ అక్కడే ఉంటారు. బస్సు మళ్లీ రోడ్డు మధ్యలోనే ఆగుతుంది.