అనుమానానికి ప్రభుత్వ ముద్ర వద్దు

చిత్తూరు కోర్టు ఆవరణలో 2016 ఏప్రిల్ 7న బాంబు పేలింది. అంతకు అయిదు నెలల ముందే, 2015 నవంబరు 17న, నగర మేయర్ కటారి అనురాధ దంపతులు హత్యకు గురయ్యారు. దాంతో జనం ఊహ మొదట ఆ కేసు వైపే మళ్ళింది. అదే ఏడాది నవంబరులో మదురైలో కొందరు యువకులు పట్టుబడ్డారు. చిత్తూరుతో పాటు నెల్లూరు, మైసూరు, కొల్లం, మలప్పురం పేలుళ్ళు కూడా 'బేస్ మూవ్‌మెంట్' అనే ముఠా పనేనని దర్యాప్తు సంస్థ ఎన్.ఐ.ఎ. ఆరోపించింది. మైసూరు కేసులో 2021లో ముగ్గురికి శిక్ష పడింది. పట్టుబడినవారు ముస్లిం యువకులే. ఈ చేదు నిజాన్ని మనం దాచుకోనవసరం లేదు.

హైదరాబాదులో జరిగింది దీనికి భిన్నం. 2007 మే 18న మక్కా మసీదులో జుమా నమాజు వేళ పేలుడు జరిగి తొమ్మిది మంది మరణించారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు చనిపోయారు. అనుమానంతో ఎందరో ముస్లిం యువకులను పట్టుకెళ్ళారు. తర్వాత వారు నిర్దోషులని తేలింది. అనంతరం అభియోగాలు ఎదుర్కొన్న హిందూత్వవాదులు అయిదుగురినీ 2018లో కోర్టు విడుదల చేసింది. అసలు దోషి ఎవరో నేటికీ కోర్టులో రుజువు కాలేదు.

తిరుపతిలో 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద చంద్రబాబు నాయుడుపై మందుపాతరలు పేల్చినవారు పీపుల్స్ వార్ నక్సలైట్లు. దానికి ఏ మతంతోనూ సంబంధం లేదు.

తొలి గంటల ఊహ ఎవరి వైపయినా తప్పవచ్చునని ఈ మూడు ఘటనలూ చెబుతున్నాయి. ఈ సందర్భంలో ఆకాశవాణి, దూరదర్శన్‌ల బాధ్యత ప్రత్యేకమైనది. 1985 దాకా మనం రేడియోకు లైసెన్సు రుసుం కట్టాం. ఇప్పుడు పన్నుల రూపంలో కడుతున్నాం. స్వేచ్ఛగా, సత్యంగా, నిష్పాక్షికంగా సమాచారం పొందడం పౌరుని హక్కని 1990 నాటి ప్రసార భారతి చట్టమే చెబుతున్నది. ప్రైవేటు చానెల్ కేకను జనం కేకగానే వింటారు. ప్రభుత్వ వార్తల్లో 'పోలీసులు అనుమానిస్తున్నారు' అన్న మాట వస్తే మాత్రం అది ప్రభుత్వ నిర్ణయంగానే చెవిన పడుతుంది. ఆ మరునాడు అద్దె ఇల్లు దొరకనిదీ, బడిలో తోటివారు వేలెత్తి చూపేదీ మన పిల్లలకే.

ప్రభుత్వ ప్రసార సంస్థ చేయవలసింది కష్టమైనదేమీ కాదు. మృతులెందరు, క్షతగాత్రులు ఏ ఆస్పత్రిలో ఉన్నారు, ఏ దారులు మూశారు అన్నవి చెప్పాలి. దోషి ఎవరో తెలియకపోతే తెలియదనే చెప్పాలి. అరెస్టు వార్తకు ఎంత సమయమిచ్చారో, నిర్దోషిగా విడుదలైన వార్తకూ అంతే ఇవ్వాలి.

ఇదే నియమం మన ఇళ్ళకూ వర్తిస్తుంది. వచ్చిన వార్తను విచారించి గాని నమ్మవద్దని ఖుర్ఆన్ సూరా హుజురాత్‌లో ఆదేశించింది. మనవారిపై నింద పడినపుడు ఆధారం అడిగే మనం, ఎదుటివారిపై నింద ఫోనులో చేరినపుడు కూడా ఆధారం అడగాలి. అప్పుడే మన ప్రశ్నకు విలువ ఉంటుంది.