చలికి వణికే తుపాకీ

పెళ్లి వంటలు చేసేచోట గ్యాస్ బండను ఎప్పుడైనా గమనించారా? పెద్ద పొయ్యి గంటల తరబడి మండుతుంటే బండ అడుగున చెమట పట్టినట్లు నీళ్లు చేరతాయి. ఒక్కోసారి తెల్లగా మంచు పేరుకుంటుంది. మంట నీరసించిపోతుంది. అలాగని గ్యాస్ అయిపోయిందనుకోవద్దు. బాగా చల్లబడిందంతే!

సరిగ్గా ఇదే తంటా జపాన్‌లో ఓ ఆటకు ఏటా వచ్చిపడుతుంది. దాని పేరు ఎయిర్‌సాఫ్ట్. 1970ల్లో అక్కడే పుట్టింది. అచ్చం నిజం తుపాకుల్లా కనిపించే బొమ్మ తుపాకులతో రెండు జట్లు తలపడతాయి. గుళ్లకు బదులు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూసలు ఉంటాయి. పూస తగిలినవాళ్లు తామే ఒప్పుకుని, చెయ్యెత్తి బయటకు వెళ్లిపోవాలి.

ఈ తుపాకులు మూడు రకాలు. మన తిరునాళ్లలో బెలూన్లు కొట్టే తుపాకీలా స్ప్రింగుతో పనిచేసేవి మొదటి రకం. వీటిని వాతావరణం పెద్దగా ఇబ్బంది పెట్టదు. రెండోది బ్యాటరీతో నడిచేది. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగించి మోటారు వేగం తగ్గుతుంది. అసలు చిక్కంతా మూడోదైన గ్యాస్ తుపాకీతోనే. కారు ఏసీల్లో వాడే 134ఏ గ్యాస్‌ను ఇందులో ద్రవరూపంలో నింపుతారు. అది ఆవిరై తోస్తేనే పూస బయటికి దూసుకొస్తుంది. 0 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి పీడనం మామూలు గాలి పీడనానికి సుమారు మూడు రెట్లు. 20 డిగ్రీలకు దాదాపు ఆరు రెట్లు, 35 డిగ్రీలకు తొమ్మిది రెట్లు! పైగా ద్రవం ఆవిరయ్యేందుకు కావలసిన వేడిని చుట్టుపక్కల నుంచే లాక్కుంటుంది. అందుకే వరసగా పేల్చినకొద్దీ తుపాకీ చల్లబడి, బలం తగ్గిపోతుంది. మన పెళ్లింటి బండ కథే ఇదీ. చలికాలంలో ఆటగాళ్లు గ్యాస్ నింపిన భాగాన్ని జేబులో పెట్టుకుని వెచ్చబెట్టేది ఇందుకే.

చలిలో బలం తగ్గితే ఆట పాడవుతుందంతే. ఎండలో పెరిగితేనే ప్రమాదం. జపాన్ 2006లో చట్టాన్ని సవరించి ఈ పూసల శక్తికి సుమారు 0.98 జౌల్ దగ్గర గీత గీసింది. అంటే 0.2 గ్రాముల పూస సెకనుకు 99 మీటర్ల వేగం వరకు వెళ్లొచ్చన్నమాట. గంటకైతే 350 కిలోమీటర్ల పైమాటే. అది కంటికి తగిలితే? చలికాలం ఉదయం ఆ గీతకు కాస్త ఇవతలే ఉన్న తుపాకీ ఆగస్టు మధ్యాహ్నం దాన్ని దాటేయొచ్చు. కాబట్టి ఆటకు ముందు ఆ రోజు వేడిలోనే వేగం కొలిచి చూసుకోవాలి.

ఇక వర్షాకాలం. గాలిలో తేమకు కళ్లద్దాలు మసకబారతాయి. ఒక్కసారి తుడుచుకుందామని అద్దాలు పైకెత్తుతారు. ఆ ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి. తుడవాలంటే మైదానం దాటి రావాల్సిందే. నేలలో కలిసిపోయే రకం పూసలైతే తేమకు ఉబ్బి గొట్టంలో ఇరుక్కోవచ్చు కూడా. ఈదురుగాలి ఉన్నరోజు తేలికైన పూస దారి తప్పుతుంది. అప్పుడు కాస్త బరువైనవి వాడతారు.

మీ పిల్లలు విదేశాల్లో ఈ ఆట ఆడుతుంటే రెండు మాటలు చెప్పండి. గ్యాస్ డబ్బాను ఎండలో ఉన్న కారులో వదలొద్దని, విమానంలో తేవద్దని! అన్నట్టు, ఇంట్లో మంట తగ్గిందని గ్యాస్ బండను వేణ్నీళ్లలో పెట్టే సాహసం మీరూ చేయకండి. వేడి తగిలితే గ్యాస్ ఎలా రెచ్చిపోతుందో ఇప్పుడు తెలిసిందిగా!