బీరువా మీది పెట్టె

ఇంట్లో పిల్లి పాలు తాగితే తెలుస్తుంది. వీధిలో కుళాయి వస్తే తెలుస్తుంది. కాని మనిషి పెట్టే గురక ఆ మనిషికే తెలియకుండా ఏర్పాటు చేశాడు బ్రహ్మ. ఆయన ఉద్దేశమేమిటోగాని, దాని ధర్మమా అని నాబోటివాడు మూడేళ్ళు ప్రాణంతో చెలగాటమాడాడు. ఆ కథ చెబుతాను. నవ్వదలచినవాళ్ళు మొదటి సగంలోనే నవ్వుకోండి.

మా వంశంలో ఆస్తితోపాటు గురక కూడా వస్తూ వుండేది. ఆస్తి మా నాన్నగారితో ఆగిపోయింది. గురక నాదాకా వచ్చింది. గుడివాడలో ఆయన అరుగుమీద నడుం వాల్చగానే, “అదృష్టవంతుడు, పడుకుంటే చాలు నిద్ర” అనేవారు దారిన పోయేవాళ్ళు. నేనూ అంతే అనుకున్నాను. పెళ్ళిళ్ళకు వెడితే విడిదిలో అందరూ హాల్లో పడుకునేవారు, నాకు మాత్రం సామాన్ల గది విడిగా ఇచ్చేవారు. అది మర్యాద కాబోలనుకునేవాణ్ణి.

మా ఆవిడ ఒక్కతే నవ్వేది కాదు.

“గురకకు కాదండీ నా భయం, గురక ఆగినప్పుడు. ఒకటి, రెండు అని లెక్కపెడతాను. ఇరవై దాకా పోతుంది. అప్పుడు నీళ్ళలో మునిగి తేలినవాళ్ళలా ఒక్కసారి గుటక వేస్తారు” అనేది.

“లెక్కల టీచరుగా రిటైరైనా లెక్కలు మానలేదన్నమాట” అని నేను నవ్వేవాణ్ణి.

ఎందుకు నమ్ముతాను చెప్పండి? ముద్దాయిని నేను. సాక్షి ఆవిడ ఒక్కతే. నేరం జరిగిన సమయంలో నేను నిద్రలో వున్నాను.

పగలు ఆఫీసులో కునుకు పట్టేది. భోజనం ఎక్కువైందన్నాను. పొద్దున్నే తలనొప్పితో లేచేవాణ్ణి. ఫాను గాలన్నాను. రాత్రి మూడుసార్లు బాత్‌రూముకు లేస్తుంటే షుగరేమోనని పరీక్ష చేయించుకుని, లేదనగానే మిఠాయి తిన్నాను. బి.పి. మాత్ర ఒకటి రెండైంది. వయసన్నాను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టానేగాని అవన్నీ ఒకే తల్లి పిల్లలని తోచలేదు.

2022 ఫిబ్రవరిలో బప్పీ లహరి పోయారు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ సినిమాలకు పాటలు కట్టిన ఆయనే. ఆయన మరణానికి డాక్టర్లు చెప్పిన కారణాల్లో స్లీప్ ఆప్నియా ఒకటి, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. మర్నాడు కాఫీ గ్లాసు కింద ఆ పేపరు ముక్క కత్తిరించి పెట్టింది మా ఆవిడ. కాఫీకోసమైనా చదవక తప్పింది కాదు.

డాక్టరుగారు ఒక చిన్న పరికరమిచ్చి ఇంటికి పంపారు. వేలికి ఒకటి, ఛాతీకి ఒకటి, ముక్కు దగ్గర ఒకటి తగిలించుకుని పడుకున్నాను. మర్నాడు లెక్క తేలింది: గంటకు 38 సార్లు.

“మెలకువగా వున్నంతసేపూ గొంతులోని కండరాలు దారిని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో అవి సడలిపోతాయి. కొందరిలో దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే, లేదా బాగా తగ్గితే, ఒకటిగా లెక్క. గంటకు 5 లోపల వుంటే ఫరవాలేదు. 30 దాటితే తీవ్రం. ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు మిమ్మల్ని తట్టి లేపుతుంది. తెల్లవారాక అది మీకు గుర్తుండదు” అన్నారాయన.

అప్పట్లో దీనికి మందు లేదు. వున్నది ఒక మిషను. ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1981లో ఈ పద్ధతిని లోకానికి చెప్పారు. ముక్కుకు మాస్కు తగిలించి, గొంతు మూసుకుపోకుండా గాలినే దన్నుగా నిలబెట్టడం. అంతకు పూర్వం ఈ జబ్బు ముదిరినవాళ్ళకు గొంతుకు రంధ్రం పెట్టడమే గతి. నాకు రంధ్రం తప్పింది గదా, ఎగిరి గంతేసి మిషను కొనుక్కున్నానంటారా? లేదు.

మొదటి ఏడు బరువు సాకు. “బరువు తగ్గితే మేలు జరుగుతుంది, అందాకా మిషను వాడండి” అన్నారు డాక్టరుగారు. నేను మొదటి సగమే విన్నాను. బరువు తగ్గలేదు, మిషనూ రాలేదు.

రెండో ఏడు డబ్బు సాకు. నలభై వేల పైచిలుకు. ఇన్సూరెన్సువాళ్ళు మాకు సంబంధం లేదన్నారు. నిద్రపోవడానికి నలభై వేలా అని గుండె పీక్కుపోయింది. ఆ నెలలోనే సోఫా సెట్టు మార్చాం. అదీ ఇంచుమించు అంతే అయింది.

మూడో ఏడు మావాడే కొని తెచ్చాడు. ఆ రాత్రి మాస్కు బిగించుకుని అద్దంలో చూసుకున్నాను. “తాతయ్యకు ఆక్సిజన్ పెట్టారా?” అంది ఆరేళ్ళ మనవరాలు. 2021లో మా సందులో సిలిండర్లు దిగిన ఇళ్ళు నాకు గుర్తున్నాయి. వాటిలో రెండిళ్ళవాళ్ళు తిరిగి రాలేదు. అది ఆక్సిజన్ కాదు, మామూలు గాలేనని పిల్లకు చెప్పానుగాని నా మనసుకు చెప్పుకోలేకపోయాను. ఇది పెట్టుకుంటే రోగినని ఒప్పుకున్నట్టే, బతికినన్నాళ్ళూ ఇంతేగదా అనిపించింది. గంట తిరక్కుండా తీసేశాను. పెట్టె బీరువా మీదికి, బొమ్మలకొలువు సామాన్ల పక్కకి చేరింది.

నేను చెప్పిన సాకుల్లో ఏ ఒక్కటీ అబద్ధం కాదు సుమండీ. బరువు నిజం, డబ్బు నిజం, భయం నిజం. అన్నీ కలిపితేనే అబద్ధం.

2025 సంక్రాంతికి గుడివాడ బయలుదేరాం. కారు నేనే నడుపుతున్నాను. పక్కన మావాడు, వెనక మా ఆవిడ, మనవరాలు. సూర్యాపేట దాటాక రెప్ప మూతపడింది. మూతపడినట్టు నాకు తెలియదు. ఎప్పటిలాగే మా ఆవిడకే తెలిసింది. ఆవిడ కేకకు కళ్ళు తెరిచేసరికి కారు రోడ్డు దిగి పోతోంది. మావాడు స్టీరింగు లాగాడు. రోడ్డు పక్క రాయి తలుపుకు రాసుకుని పోయింది, పిల్ల కూర్చున్న వైపు తలుపుకు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా ఆవిడ మెల్లిగా అంది: “ఈసారి లెక్కపెట్టడానికి వ్యవధి లేకపోయిందండీ.”

పండుగ నుంచి రాగానే పెట్టె కిందికి దింపాను. నాలుగు రాత్రులు నరకం. మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెడితే మాస్కు నాకు ఒక సైజు పెద్దదని తేలింది. నోరెండిపోకుండా గాలిలో తేమ కలిపే నీళ్ళ తొట్టి అమర్చారు. అలవాటయ్యేందుకు సాయంత్రం టీవీ చూస్తూ అరగంట పెట్టుకోమన్నారు. మూడువారాలు పట్టింది. చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాంగాని నడక మానుకుంటామా? ఆ మాట తట్టక ఎందరు తమ పెట్టెలను బీరువా ఎక్కించారో.

అన్నీ నయమయ్యాయనను. బి.పి. మాత్రలు అలాగే వున్నాయి. కాని పొద్దుటి తలనొప్పి పోయింది, పగటి కునుకు పోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలోనే ఒకనాటి రాత్రి మెలకువ వచ్చింది. పక్క మంచం మీదనుంచి సన్నగా గురక. ఉన్నట్టుండి ఆగింది. నాకు తెలియకుండానే లెక్క మొదలుపెట్టాను. పదిహేడు దాకా పోయింది.

ముప్ఫయి అయిదేళ్ళుగా నా హోరులో ఆవిడ గురక ఎవరికి వినబడింది? నాకు కాపలా కాస్తూ ఆవిడ నిద్రపోతే గదా! పగలు నీరసమనేది, నిద్ర పట్టదనేది, తల భారమనేది. “ఆడవాళ్ళకు మామూలే” అన్నాం అందరం, ఆవిడతో సహా.

పొద్దున్నే చెప్పాను. “నేనా? గురకా? ఊరుకోండి, ఎవరైనా వింటే నవ్విపోతారు” అంది. గంటాగి, “వుంటే మాత్రం ఇప్పుడేం తొందర, కోడలి పురుడు వెళ్ళనివ్వండి” అంది. ఇంకో గంటాగి, “ఇంటికి ఒక మిషను చాలదూ, రెండోదానికి ఖర్చెందుకు?” అంది.

నా సాకులన్నీ చీర కట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాయి. తేడా ఒక్కటే. ఈసారి ముద్దాయి ఆవిడ, సాక్షిని నేను.

గురువారం పదిగంటలకు డాక్టరుగారి దగ్గర పేరు రాయించాను. వాయిదా అడిగింది. ఇవ్వలేదు.